నాలుగు టర్నుల ఎలుగుబంటి

చింతపండు పిసికిన తరువాత గింజలు పారేయకండి. ఐదు కడిగి, ఆరబెట్టి, కంప్యూటర్ పక్కన పెట్టుకోండి. పోకెమాన్ డబుల్స్‌లో నెమ్మదిగా కదిలే బలమైన అటాకర్‌ను ఎలా వాడాలో చెప్పబోతున్నాను. ఆ గింజలతో పని ఉంది.

బెంగళూరు మారతహళ్లిలో ఒక చిన్న ప్యాకింగ్ సంస్థకు లెక్కలు రాస్తాను. వయసు నలభై ఆరు. ఈ ఆట నాకు అంటించింది మా అక్క కొడుకు. రెండు వీధుల అవతల పీజీలో ఉంటాడు. ఆదివారం పప్పుచారు కోసం వచ్చి, తిన్నాక లాప్‌టాప్ తెరిచి షోడౌన్‌లో ఆడుకునేవాడు. షోడౌన్ ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, స్విచ్ కొనక్కరలేదు. ఒకరోజు వాడి తెరమీద ఒక ఎలుగుబంటి అందరూ కదిలాక తీరికగా కదిలి, ఎదుటివాళ్లలో ఒకదాన్ని ఒక్క దెబ్బకు కూల్చేసింది. ఒంగోలులో మా అమ్మ నన్ను చిన్నప్పుడు నత్తగుల్ల అని పిలిచేది. ఆ ఎలుగుబంటి మా చుట్టమే అనిపించింది.

దాని పేరు ఉర్సలూనా. దాడి బలం 140, వేగం 50. ఇవి బేస్ అంకెలు, అంటే ఆ జాతి మొత్తానికి ఉండే మూల విలువలు. పోటీ ఆటలో అందరినీ 50వ స్థాయికి తెచ్చి ఆడిస్తారు. ఆరింటిని చూపించి, అందులో నాలుగింటిని తెచ్చి, రెండేసి చొప్పున నిలబెడతాం. సాధారణంగా వేగం ఎక్కువున్నది ముందు కొడుతుంది. కాబట్టి వేగం 50 ఉన్న ఎలుగుబంటి తన వంతు వచ్చేదాకా రెండు దెబ్బలు తిని నిలబడాలి. దీనికి విరుగుడు ట్రిక్ రూమ్ అనే మూవ్. అది వేస్తే ఐదు టర్నులపాటు వరుస తలకిందులవుతుంది, నెమ్మదైనదే ముందు కదులుతుంది.

మారతహళ్లి వంతెన దగ్గర సాయంత్రం ఆరున్నరకు వాన పడుతుంటే చూడండి. కార్లన్నీ నిలిచిపోయి ఉంటాయి. కూరగాయల సంచి పట్టుకుని నడిచిపోయే నేను వాటిని ఒక్కొక్కటిగా దాటుకుంటూ వెళతాను. ఎంత ఖరీదైన కారైతే అంత వెనక. ట్రిక్ రూమ్ అంటే సరిగ్గా అదే. అయితే వాన ఎప్పుడు ఆగుతుందో నాకు తెలియదు. ఆటలో మాత్రం తెలుస్తుంది, మిగతాదంతా ఆ తెలిసిన గడువును వాడుకోవడమే.

ఐదు టర్నులు అన్నాను గాని, చేతికి వచ్చేవి నాలుగే. వేసిన టర్ను కూడా లెక్కలోకి వస్తుంది. పైగా ట్రిక్ రూమ్ ప్రయారిటీ మైనస్ ఏడు, అంటే ఆ టర్నులో అందరూ కొట్టేశాక చివరన పడుతుంది. కాబట్టి వేసిన వెంటనే ఐదు గింజలు వరుసగా పెట్టండి, ఆ టర్ను ముగియగానే ఒకటి తీసేయండి. మిగిలిన నాలుగే మీ ఎలుగుబంటి జీతం. తెరమీద ఎన్ని టర్నులు మిగిలాయో చూపిస్తుంది కదా అని మా వాడు నవ్వుతాడు. చూపిస్తుంది. కాని ప్రతి టర్నుకు మనకు ఇచ్చేది 45 సెకన్లు. ఆ కంగారులో కన్ను దెబ్బల మీద ఉంటుంది, అంకె మీద ఉండదు.

నాకు ఈ అలవాటు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. మొదట్లో ఒక ఆటలో ట్రిక్ రూమ్ అయిపోయిందనుకుని నాలుగో టర్నులో మళ్లీ వేశాను. అది ఉండగా మళ్లీ వేస్తే రెట్టింపు కాదు, రద్దవుతుంది. నాకు హక్కుగా రావలసిన ఐదో టర్ను పోయింది. ఎదుటివాళ్ల వేగం గలవి రెండూ ముందుగా కదిలి నా ఎలుగుబంటిని నేలకూల్చాయి. లెక్కలు రాసే మనిషిని నాలుగు దాకా లెక్కపెట్టలేకపోయానే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు చారుకు చింతపండు నానబెట్టినప్పుడు గింజలు కనపడ్డాయి.

ఇక తయారీ. బలం పెంచి వేగం తగ్గించే స్వభావం ఎంచుకోండి. చేత్తో కొట్టేవాటికి బ్రేవ్, దూరం నుంచి ప్రత్యేక శక్తితో కొట్టేవాటికి క్వయట్. స్పీడ్ ఐవీ, అంటే పుట్టుకతో వేగానికి కలిసే అంకె, సున్నా చేయండి. షోడౌన్‌లో అక్కడ తనంతట తాను 31 ఉంటుంది, చాలామంది దాన్ని మార్చడం మరిచిపోతారు. ఉర్సలూనాకు ఇదంతా చేస్తే 50వ స్థాయిలో వేగం 49కి దిగుతుంది. ఏమీ చేయకపోతే 70. ఈ 21 అంకెల తేడాలో ఎదుటివాళ్ల పోకెమాన్లు చాలానే ఉంటాయి. ఈవీలు, అంటే సాధనతో చేర్చే పాయింట్లు, 252 దాడికి, 252 ప్రాణానికి పెడితే ప్రాణం 237, దాడి 211 వస్తాయి. పెద్దగా ఆలోచించవలసింది లేదు.

ఆలోచించవలసింది దాని చేతిలో పెట్టే వస్తువు గురించి. నేను ఫ్లేమ్ ఆర్బ్ ఇస్తాను. అది మన ఎలుగుబంటినే కాలుస్తుంది. కాలిన వాటికి చేతి దెబ్బ బలం సగం కావాలి, కాని దీనికి గట్స్ అనే గుణం ఉంది. ఒంటికి జబ్బు పట్టినప్పుడు దాడి ఒకటిన్నర రెట్లు అవుతుంది. 211 కాస్తా 316 అన్నమాట. పైగా ఫసాడ్ అనే మూవ్ శక్తి మామూలుగా 70, కాలి ఉంటే 140. ఇందుకు కట్టే వడ్డీ టర్నుకు ప్రాణంలో పదహారో వంతు, అంటే 14. నాలుగు టర్నులకు 56. ఈ ధరకు ఇంత బలం దొరకడం చవక. ఇంకో లాభం, ఒక జబ్బు ఉండగా రెండో జబ్బు పట్టదు. అమూంగస్ అనే పుట్టగొడుగు స్పోర్ చల్లి ఎదుటివాళ్లను నిద్రపుచ్చుతుంది. మన కాలిన ఎలుగుబంటిని మాత్రం పుచ్చలేదు. ఈ సంగతి తెలియక వృథాగా స్పోర్ వేసినవాళ్లను చాలామందిని చూశాను. చూసిన ప్రతిసారీ కాస్త కాఫీ ఎక్కువ తాగాను.

ఒక తిరకాసు ఉంది. ఆర్బ్ మంట ఎలుగుబంటి దిగిన టర్ను చివర్లో అంటుకుంటుంది. దిగిన టర్నులోనే ఫసాడ్ కొడితే అది వట్టి 70 శక్తి దెబ్బే. అందుకే ఎలుగుబంటిని మొదటి టర్నులోనే ట్రిక్ రూమ్ వేసేవాడి పక్కన నిలబెట్టి ప్రొటెక్ట్ చేయిస్తాను. అటువైపు రెండూ వేసే దెబ్బలు దాని మీద పడవు, చివర్లో మంట అంటుకుంటుంది, ట్రిక్ రూమ్ పడుతుంది. రెండో టర్ను మొదలయ్యేసరికి నాలుగు గింజలు, 316 దాడి, తన వంతు మొదట. ఒక్క జాగ్రత్త: ఉర్షిఫూ అనే పోకెమాన్ తాకి కొట్టే దెబ్బలు ప్రొటెక్ట్‌ను దాటుకుని తగులుతాయి. నీటి ఉర్షిఫూ ఎదురుగా ఉంటే మొదటి టర్నులో ఎలుగుబంటిని దించను, నీటి దెబ్బ దానికి రెట్టింపు నష్టం.

మళ్లీ టార్కోల్ అనే తాబేలు లెక్క దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. దాని బేస్ వేగం 20, పైన చెప్పిన తయారీతో 22కి దిగుతుంది. దాని ఎరప్షన్ శక్తి నిండు ప్రాణంతో ఉన్నప్పుడు 150. ప్రాణం తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది. సగం ప్రాణంతో 75 మాత్రమే. అందుకే దాన్ని ముందు నిలబెట్టి దెబ్బలు తినిపించడం వంట పూర్తికాకముందే గిన్నె దించడమే. ట్రిక్ రూమ్ పడ్డాక మన వైపు ఒకటి పడిపోతే, ఆ ఖాళీలోకి తాబేలును దించాలి. పడిన దాని స్థానంలో వచ్చినది దెబ్బ తినకుండా వస్తుంది. మార్చి దించితే మాత్రం మధ్యలో దెబ్బ తింటుంది. తాబేలు దిగుతూనే ఎండ తెస్తుంది, ఎండలో నిప్పు దెబ్బ ఒకటిన్నర రెట్లు. ఇద్దరికీ ఒకేసారి తగిలే దెబ్బ కాబట్టి ఒక్కొక్కరికి ముప్పావు వంతే అందుతుంది, అయినా చాలు. ఎలుగుబంటి ముందు, తాబేలు వెనక. మొదటి వారమంతా నేను దీన్ని తలకిందులుగా ఆడాను.

ఇప్పుడు అసలు విషయం. కొత్తవాళ్లు అటాకర్‌ను చూసి మురిసిపోతారు, ట్రిక్ రూమ్ వేసేవాడిని పట్టించుకోరు. మా ఇంట్లో వాడికి మావటి అని పేరు. ఏనుగు బలం ఎంతైనా దారి చూపేది మావటి. ట్రిక్ రూమ్ అందరికన్నా చివరన పడుతుంది కాబట్టి, ఆ మొదటి టర్ను మొత్తం ఎదుటివాళ్ల చూపు మావటి మీదే ఉంటుంది. ఇద్దరూ కలిసి వాడినే కొడతారు. లేకపోతే ఫేక్ అవుట్‌తో తడబాటు తెప్పించి ఆ టర్ను కదలనివ్వరు. లేకపోతే టాంట్ చేసి దాడి మూవ్‌లు తప్ప మరేమీ వాడనివ్వరు.

నాకు ఇష్టమైన మావటి ఫారిజిరాఫ్. దాని ఆర్మర్ టెయిల్ గుణం వల్ల, ముందుకు దూకివచ్చే ప్రయారిటీ మూవ్‌లు దాని మీదా, పక్కనున్న తోడు మీదా పనిచేయవు. ఫేక్ అవుట్ ఆగిపోతుంది. విమ్సికాట్ లాంటి కొంటె గుణం గలవి ముందుగా విసిరే టాంట్ కూడా ఆగిపోతుంది. కాని మామూలు వేగంతో వేసే టాంట్ ఆగదు, దానికి చేతిలో మెంటల్ హెర్బ్ పెట్టండి. ఒకసారి టాంట్ పడగానే అది దాన్ని విప్పేస్తుంది. ఈవీలు ప్రాణానికీ రక్షణకూ పోయండి. ఫారిజిరాఫ్ ఎంతమందిని కొట్టిందో నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు, లెక్కపెట్టను కూడా. ఒక్క టర్ను నిలిస్తే దాని నెల జీతం ముట్టినట్టే.

ఫారిజిరాఫ్ నచ్చకపోతే ఆడ ఇండీడీని తోడు తెచ్చుకోండి. అది దిగగానే నేల మీద సైకిక్ టెరైన్ పరుచుకుంటుంది, నేల మీదున్న వాటికి ప్రయారిటీ దెబ్బలు తగలవు. దానికి ఫాలో మీ కూడా ఉంది. ఎదుటివాళ్లు ఒక్కరి మీదే గురిపెట్టిన దెబ్బలను తన మీదకు లాక్కుంటుంది. దాని పక్కన హాటరీన్ అనే ఇంకో పోకెమాన్ ట్రిక్ రూమ్ వేస్తుంది. ఈ జోడీకి తడబాటు తక్కువ, కాని ఎలుగుబంటి మొదటి టర్నులో ఉండదు కాబట్టి ఆర్బ్ మంట ఆలస్యం. అందుకే ఈ జోడీ వెనక తాబేలు బాగుంటుంది.

ఇలా ఎవరో ఒకరు దెబ్బలు కాచుకోవడం గురించి ఎవరికైనా అనుమానం ఉంటే 2014 ప్రపంచ పోటీలు గుర్తు చేస్తాను. గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు సే జున్ పార్క్ టీములో పాచిరిసు అనే చిన్న ఉడత ఉంది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోని రోజుల్లో ఫాలో మీ తో పెద్ద దెబ్బలు తన మీదకు లాక్కుని పక్కనున్న గ్యారడోస్‌ను కాపాడింది. గ్యారడోస్ నెమ్మదైనది కాదు, ట్రిక్ రూమ్ కథ కాదు. కాని బలమైన దాని పక్కన ఎవరు నిలబడాలి అన్న ప్రశ్నకు నా మనసులో ఇప్పటికీ ఆ ఉడతే మొదట మెదులుతుంది.

టీమును ఎన్నుకోవడంలో నాది మొండి అభిప్రాయం. నాలుగూ నెమ్మదైనవే తీసుకురాకండి. మావటి పడిపోతే మిగిలిన మూడూ ఎర్రలైటు దగ్గర ఆగిన ఎద్దుబండ్లే. నెమ్మదైనవి రెండు, మావటి ఒకటి, ట్రిక్ రూమ్ లేకపోయినా నిలబడేది ఒకటి. నాలుగోదానికి నేను ఇన్సినరోర్ వాడతాను. దిగగానే ఎదుటివాళ్ల దాడి తగ్గిస్తుంది, ఫేక్ అవుట్ ఉంది, వేగం పెద్దగా లేదు కాబట్టి ట్రిక్ రూమ్ లోపలా బయటా ఇమడగలదు. దీన్ని అందరూ వాడతారు, అందుకే మా వాడికి విసుగు. నాకు విసుగు లేదు.

ఆట మొదలుకాకముందు ఇరువైపులా ఆరేసి కనిపించే ఆ 90 సెకన్లలో చూడవలసింది ఒక్కటే: అటువైపు నాకన్నా నెమ్మదైనది ఉందా? అమూంగస్ బేస్ వేగం 30, కిందికి దించితే 31. టార్కోల్ 22. వాళ్ల టార్కోల్ ఎదురుగా ఉన్నప్పుడు నేను ట్రిక్ రూమ్ వేస్తే, నా 49 ఎలుగుబంటికన్నా వాళ్ల తాబేలే ముందు కక్కుతుంది. కష్టపడి తలుపు తీసి దొంగను లోపలికి పిలిచినట్టు. అటువైపు టెయిల్‌విండ్‌తో వేగం రెట్టింపు చేసుకునే టీము ఉంటే సంతోషించండి. ట్రిక్ రూమ్‌లో రెట్టింపు వేగం అంటే ఇంకా వెనక్కి పోవడం. వాళ్లు పడిన కష్టమంతా మనకే జమ అవుతుంది.

ఆ నాలుగు టర్నులు ఎలా ఖర్చు పెట్టాలి? తెలివైనవాళ్లు ట్రిక్ రూమ్ పడగానే ప్రొటెక్ట్‌లు వేస్తూ, పోకెమాన్లను మార్చుకుంటూ గింజలు అరగదీయాలని చూస్తారు. ఇక్కడ తొందరపడి ఇద్దరినీ ఒకరి మీదే గురిపెట్టకండి. వాళ్లలో ఒకటి ప్రొటెక్ట్ చేసుకుందనుకోండి, మరుసటి టర్నులో మళ్లీ ప్రొటెక్ట్ ఫలించే అవకాశం మూడింట ఒకటే. కాబట్టి మొదటి టర్నులో ప్రొటెక్ట్ వేసినదాన్నే రెండో టర్నులో కొట్టండి. ఫసాడ్ దయ్యం రకం పోకెమాన్లకు తగలదు. దయ్యం మారి వస్తుందన్న అనుమానం ఉంటే హెడ్‌లాంగ్ రష్ కొట్టండి. దాని శక్తి 120, కాకపోతే మన రెండు రకాల రక్షణలూ ఒక్కో మెట్టు తగ్గుతాయి. ఎర్త్‌క్వేక్ మాత్రం పెట్టకండి. ఆ దెబ్బ పక్కనున్న మనవాడికీ తగులుతుంది. నేను ఒకసారి నా మావటిని నేనే పాతిపెట్టాను. మా వాడు పప్పుచారు పొరపోయి దగ్గాడు.

ఎదుట కూడా ఇన్సినరోర్ ఉండి బెదిరించి దాడి తగ్గిస్తే గట్స్ దాన్ని ఆపదు. దాడి మూడింట రెండొంతులకు పడుతుంది. అలాంటప్పుడు బ్లడ్‌మూన్ ఉర్సలూనా అనే ఇంకో రూపం మంచిది. అది ప్రత్యేక శక్తితో కొడుతుంది, బేస్ 135. బెదిరింపు దానికి పట్టదు, దయ్యాలనూ కొట్టగలదు. దాని బ్లడ్ మూన్ అనే మూవ్ శక్తి 140, కాని వరుసగా రెండుసార్లు వాడలేరు. మధ్యలో ఒక టర్ను ఎర్త్ పవర్‌తోనో హైపర్ వాయిస్‌తోనో సర్దుకోవాలి. నాలుగు గింజల్లో రెండే పెద్ద దెబ్బలన్నమాట. ఏ పోటీకి ఏవి అనుమతిస్తారో నియమాలు తరచూ మారుతుంటాయి, కాబట్టి టీము కట్టేముందు ఆ జాబితా చూసుకోండి.

చివరి గింజ ఉన్న టర్నును చాలామంది వృథా చేస్తారు. ఆ టర్నులో దెబ్బ ఎంత పెద్దదో చూడకండి, దాని తరువాత ఎవరు నిలబడి ఉంటారో చూడండి. వాళ్ల వైపు అతి వేగమైనది ఒకటి మిగిలితే ఆరో టర్నులో అదే ముందు కొడుతుంది. కాబట్టి దాన్నే ముందు తీసేయాలి, ప్రాణం తక్కువున్నదాన్ని కాదు. మావటి బతికి ఉంటే ఆరో టర్నులో మళ్లీ ట్రిక్ రూమ్ వేయించండి, పక్కన ఎలుగుబంటి ప్రొటెక్ట్ చేసుకుంటుంది. ఐదో టర్నులోనే వేయిస్తే ఎలాగూ ముగిసిపోయేదాన్ని మనమే ముగించినట్టు, ఒక వంతు పోతుంది.

సాధనకు నేను చేసే పని ఒకటుంది. నా టీమును మా వాడికి ఇచ్చి, వాడి టీముతో నేను ఆడతాను. నా ఎలుగుబంటి నా మీదకు వచ్చినప్పుడు తెలిసింది దాని బలహీనత. మా వాడు మూడు టర్నులు నన్ను చితక్కొట్టాడు. నాలుగో టర్నులో నేను ఊరికే రెండింటికీ ప్రొటెక్ట్ వేశాను. వాడు పళ్లు కొరికాడు.

"పిన్నీ, నీ గింజలు నేను చూస్తున్నానని తెలిసి అలా చేశావు కదూ?"

తెలిసే చేశాను. అప్పటినుంచి ఎవరి గింజలు వాళ్లం కాఫీ గ్లాసు వెనక పెట్టుకుంటున్నాం. మా ఆయన బల్ల తుడుస్తూ రెండుసార్లు వాటిని చెత్తబుట్టలో వేశారు. మూడోసారి మా వాడు శనగగింజలు తెచ్చాడు. అవి ఆట మధ్యలో తినేశాడు.